పుల్లటి సరస్సులో ఇనుప ఉండలు

ఆస్ట్రేలియా వెళ్లొచ్చానంటే నేరేడ్‌మెట్‌లో మా వీధివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. కంగారూను చూశావా? చూశాను. రోడ్డు పక్కన కాళ్లు చాపుకుని చచ్చి పడి ఉంది. ఆ మాట చెప్పగానే మొహాలు చిన్నబుచ్చుకుని వెళ్లిపోతారు. నేను అక్కడికి ఎందుకు వెళ్లానో, వెళ్లి ఏం నిర్వాకం చేశానో ఎవరూ అడగరు. అడగకపోవడమే నా పరువుకు మంచిది. కానీ మా మేనకోడలు షారోన్ ఈ కథను చర్చి మెట్ల మీద నిలబడి ఇంటింటి వాళ్లకూ చెప్పేస్తోంది, అదీ చేతులు తిప్పుతూ, నా గొంతును అనుకరిస్తూ. అందుకే అసలు సంగతి నేనే రాసేస్తున్నాను.

నేరేడ్‌మెట్: తోడు పెళ్లికూతురు

షారోన్ మా తమ్ముడు జయరాజ్ కూతురు. యూనివర్సిటీలో నాలుగేళ్లుగా ఇనుప ఉండల మీద పరిశోధన చేస్తోంది. ఉండ గుండ్రంగా ఉంటుంది, ఇనుముతో ఉంటుంది, ఇందులో నాలుగేళ్లు చదవడానికి ఏముందో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఆస్ట్రేలియా పడమటి వైపు కొన్ని ఉప్పు సరస్సులున్నాయట. వాటి నీళ్లు ఉప్పగానే కాక పుల్లగా కూడా ఉంటాయట. ఆ సరస్సు మట్టిలో ఇలాంటి ఉండలు తయారవుతాయట. అంగారకుడి మీద కూడా ఇటువంటివి కనిపించాయి కాబట్టి సైంటిస్టులకు వీటి మీద మహా మోజు. ఆ ముక్క పట్టుకుని మా మరదలు ఏ.ఎస్. రావు నగర్ దాకా "మా షారోన్ అంగారకుడి పని మీద పోతుంది" అని ప్రచారం చేసింది.

తమ్ముడికి మాత్రం అంగారకుడి కంటే పెద్ద బెంగ ఒకటి పట్టుకుంది.

"ఎడారిల ఆడపిల్ల ఒక్కతె ఎట్లుంటది అక్కా? నువ్వు రిటైరైనవ్. ఖాళీగనే ఉన్నవ్. తోడు పోరాదు?"

"నాకు ఇంగ్లీషు రాదురా."

"ఉప్పు చెరువుతోని ఏం ఇంగ్లీషు మాట్లాడతవ్?"

యూనివర్సిటీ నియమం కూడా మా తమ్ముడి మాటే చెప్పింది. సరస్సు మీదికి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదట. అలా కాగితాల మీద నేను ఫీల్డ్ అసిస్టెంట్‌నయ్యాను. నిజానికి నాకు ఆ హోదా తగనిదేమీ కాదు. బోయిగూడలో ఆడపిల్లల బడిలో ముప్పై మూడేళ్లు ల్యాబ్ అసిస్టెంట్‌గా చేశాను. నేను కడిగిన టెస్ట్ ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చేతిలో ట్యూబు ఉందో లేదో తెలిసేది కాదు. చేతికి ఏది దొరికినా ముందు కడగాలి, ఆ తర్వాతే అదేమిటో చూడాలి. నా ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచింది.

బయల్దేరే ముందు షారోన్ ఇంకో మాట చెప్పింది. ఆ దేశంలోకి పరాయి మట్టి రేణువు కూడా రానివ్వరట, బూట్ల అడుగులు కూడా తిప్పి చూస్తారట. నేను పాత టూత్‌బ్రష్ పట్టుకుని రెండు జతల బూట్లూ తోమి పెట్టాను.

పెర్త్: బూట్లకు వచ్చిన బహుమతి

విమానాశ్రయంలో ఒక పొడుగాటి అధికారి నా కరివేపాకు తీసేసుకున్నాడు. నిమ్మకాయలు తీసేసుకున్నాడు. తర్వాత బూట్లు తిరగేసి, అడుగున గాడులన్నీ టార్చి వేసి చూసి, పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. ఏదో తప్పు దొరికిందనుకున్నాను.

"ఈ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన వాడిన బూట్లు నేను చూడలేదు అంటున్నడు అత్తా" అంది షారోన్ తెలుగులో. వెంటనే నా మొహం చూసి, "అయిపోయింది. ఇగ వారం రోజులు నిన్ను పట్టలేం" అంది.

నిజమే. విదేశీ ప్రభుత్వం నా కడుగుడును మెచ్చుకుంది. ఆ గర్వమే కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు?

తూర్పు దారి: హారన్ లేని లోకం

మర్నాడు అద్దె బండిలో తూర్పుకు బయల్దేరాం. షారోన్ నడిపింది. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు. కానీ నాలుగు గంటల్లో ఒక్క హారన్ వినలేదు. బోయిగూడలో అయితే ఆగి ఉన్న ఆటో కూడా హారన్ కొడుతూనే ఉంటుంది. ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు మూసుకుపోయాయేమోనన్న అనుమానం వచ్చి, "ఒక్కసారి కొట్టవే" అని బతిమాలితే షారోన్ కొట్టింది. గొర్రెలు బెదిరాయి.

దారిలో ఒక పెట్రోలు బంకులో మాంసం కూరిన రొట్టె తిన్నాం. మైదా గిన్నెకు మైదా మూత పెట్టి, లోపల కూర పోసి కాల్చారు. ఒక్కోటి ఎనిమిది డాలర్లు. మన డబ్బుల్లో లెక్క వేయబోతుంటే షారోన్ నా చేయి పట్టుకుని ఆపింది. రుచికి మాత్రం మన ఆసుపత్రుల్లో పెట్టే పథ్యపు కూర గుర్తొచ్చింది. పొట్లం విప్పి ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి చల్లాను. అప్పుడు గొంతు దిగింది.

గ్రాహం గారి పొలం: రాని టీ

మేము వెళ్లాల్సిన సరస్సు గ్రాహం అనే రైతు గోధుమ పొలాల చివర ఉంది. అతని అనుమతి లేకుండా అటు వెళ్లకూడదు. ఆదివారం చర్చి తర్వాత రమ్మన్నారు. ఆ ఊరి చర్చిలో మాతో కలిపి తొమ్మిది మందిమి. సికింద్రాబాదులో మా చర్చికి అరగంట ఆలస్యమైతే మెట్ల మీద కూర్చోవాలి. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో బల్ల దక్కింది. మేము పాట అందుకుంటే పాస్టరు గారు ఉలిక్కిపడ్డారు, ఆ గోడలు అంత గొంతు విని చాలాకాలమైనట్టుంది.

గ్రాహం భార్య పేరు జాయ్. బొద్దుగా, నవ్వుతూ ఉండే మనిషి. "టీ తాగుతారా?" అని అడిగింది. నేను మన పద్ధతిలో "అయ్యో, వద్దండీ, ఎందుకు శ్రమ" అన్నాను. షారోన్ ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చింది. జాయ్ సరేనని తలూపి, మిగతా ముగ్గురికీ టీ తెచ్చింది. రెండోసారి అడుగుతుందని ఎదురుచూశాను. మూడోసారి దాకా కూడా ఓపిక పట్టాను. అడగలేదు. ఆ దేశంలో వద్దంటే వద్దనే అర్థమట. నాలుక పీక్కుపోతుండగా నలభై నిమిషాలు వాళ్ల కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాను.

"మా తాత కాలం నుంచి ఆ సరస్సు మా ఇంటికి ఒక గింజ కూడా ఇచ్చింది లేదు. మీరు దాని కోసం ఇండియా నుంచి వచ్చారా?" అని గ్రాహం ఆశ్చర్యపోయాడు. తర్వాత నవ్వు ఆపి ఒక హెచ్చరిక చేశాడు. పైన పొర ఎండి ఉన్నంతవరకే దాని మీద నడవాలి. వాన పడితే కింద అంతా జావ అయిపోతుంది. ఒకసారి అతని బండి కూరుకుపోతే రెండు నెలల దాకా బయటికి రాలేదట.

సరస్సు: ఇనుప మూకుడులో పులుసు

సోమవారం పొద్దున సరస్సును చూశాను. చెరువంటే మనకు నీళ్లు, కొంగలు, గట్టు మీద నాలుగు చెట్లు. ఇక్కడ అవేవీ లేవు. కనుచూపు మేర తెల్లటి ఉప్పు పొర, దాని కింద కుంకుడురసం రంగు నుంచి ఇటుకపొడి రంగు దాకా రకరకాల మట్టి. అక్కడక్కడ గుంటల్లో నారింజ రంగు నీళ్లు. ఒక్క పిట్ట లేదు. షారోన్ అటు తిరగగానే వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

"అత్తా! పాగల్ అయినవా? అది యాసిడ్!"

ముందు ఉప్పు తగిలింది, వెంటనే నిమ్మకాయంత పులుపు, చివర్న మేకు నాకినట్టు ఇనుము. వెంటనే ఊసి నోరు కడుక్కున్నాను. మీరెవరూ ఈ పని చేయకండి.

"నీళ్లు ఎందుకింత పులుపే?" అన్నాను.

"గదాని మీదనే సైంటిస్టులందరు కొట్లాడుతున్నరు. నువ్వు ఇనుప మూకుట్ల చింతపండు పులుసు కాస్తె ఏమైతది?"

"నల్లబడుతుంది. ఇనుము దిగుతుంది."

"ఇక్కడ సుత గంతే. భూమి కిందికెళ్లి ఈ పుల్లటి ఉప్పు నీళ్లు పాత రాళ్లల్ల తిరుగుకుంట వస్తయి. రాళ్లల్ల ఇనుము నీళ్లలకు దిగుతది, కంటికి కనబడది. ఇక్కడి మట్టిలకొచ్చి ఎండకు నీళ్లు చిక్కబడతయి. ఇగ ఇనుము నీళ్లల ఉండలేదు. ఏదో ఒక చోట ఎర్రగా గట్టిపడుతది. ఒకచోట షురూ అయితె దాని చుట్టే ఇంకింత పట్టుకుంటది, ఇసుకను సుత తనల కలుపుకుంటది. సోంపు గింజకు చక్కెర ఎక్కిస్తరు చూడు, గట్ల."

"ఎంత కాలం పడుతుంది?"

"నా లొల్లంతా గదే అత్తా. ఇవి ఎప్పటివో పాత ఉండలా, ఇప్పుడు సుత పెరుగుతున్నయా? పెరుగుతున్నయని నేనంటున్న. రుజువేదీ అంటున్నడు మా గైడ్ సార్."

ఆ రుజువు కోసమే ఇంత దూరం వచ్చిందట. ఈ ఒక్క అధ్యాయం మిగిలింది. ఆరు నెలల్లో ఫెలోషిప్ అయిపోతుంది, ఇంకోసారి పంపే దిక్కు లేదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఎప్పుడూ గలగలలాడే పిల్ల నా మొహంలోకి చూడలేదు.

మోకాలి లోతు గుంట తవ్వింది. లోపల ఎర్రమట్టిలో ముదురు గోధుమ రంగు ఉండలు, మిరియపు గింజంత నుంచి గోళీకాయంత దాకా. వాటిని మట్టి గడ్డతో సహా పగలకుండా కోసి తీసి, ప్లాస్టిక్ పొర చుట్టి, గాలి పిండేసి, సంచిలో పెట్టి మూతి బిగించింది. సాయంత్రానికి పన్నెండు సంచులు. చీటీలు నేను రాశాను. మట్టితో ఎందుకు తీస్తోందో నేను అడగలేదు. కోడిగుడ్లను ఊకలో పెట్టి పంపినట్టు, ఉండలు పగలకుండా మట్టిలో పెట్టిందనుకున్నాను.

మోటెల్: నేను చేసిన సేవ

మంగళవారం తెల్లవారగానే నాకు మెలకువ వచ్చింది. షారోన్ వేళ్ల నిండా పొక్కులతో ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. ఐసు పెట్టెలో ఒక సంచి కారి, మోటెల్ వాళ్ల తెల్లటి తివాచీ మీద ఎర్రటి మరక చేసింది. ఆ మరక తుడిచాను. తర్వాత కారిన సంచి చూశాను. తర్వాత మిగిలిన పదకొండు చూశాను. పాపం పిల్ల, ఇంత బురద ఎప్పుడు కడుక్కుంటుంది, ఎలా కడుక్కుంటుంది అనిపించింది. నాకు జాలేసింది. చేతులు దురద పెట్టాయని కూడా ఒప్పుకుంటాను.

రెండు గంటలు పట్టింది. ఒక్కో సంచీ విప్పి, మట్టి నీళ్లు సింకులో ఒంపేసి, ఇంటి నుంచి తెచ్చిన టీ వడపోత గిన్నెలో ఉండలు పోసి, మంచినీళ్ల కొళాయి కింద మూడుసార్లు కడిగాను. చివరగా షాంపూ కూడా వాడాను. ఒక తువ్వాలు పరిచి, పన్నెండు కుప్పలు పోసి, ఒక్కో కుప్ప ముందు దాని చీటీ పెట్టాను. ఒక్క చీటీ కూడా తారుమారు కాలేదు. మా ప్రిన్సిపాల్ గారు చూస్తే ఇన్‌స్పెక్షన్‌కు పిలిచేవారు. ఉండలు నిగనిగలాడుతున్నాయి. టీ పెట్టి షారోన్‌ను లేపాను.

పిల్ల తువ్వాలు వైపు చూసింది. తర్వాత సింకు వైపు చూసింది.

"అత్తా, మట్టేది?"

"పోయింది. మొండి మట్టే, షాంపూకు కానీ లొంగలేదు."

"మట్టిల నీళ్లు?"

"పారబోసిన."

అరుస్తుందనుకున్నాను. మంచం మీద కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఉండ ఒక్కటే ఉంటే అది ఉత్త రాయి. పాతదో, పెరుగుతున్నదో అది చెప్పదు. దాన్ని ఆనుకుని ఉన్న మట్టి, ఆ మట్టిలోని పుల్లటి నీళ్లు, ఆ నీళ్లలో ఇంకా ఎంత ఇనుము మిగిలిందన్న లెక్క, అదే సాక్ష్యం. నేను సాక్షులను షాంపూ పెట్టి సింకులో పంపేశాను.

అంతలో ఆమె ఫోన్ మోగింది. గైడ్ సార్. మన దగ్గర అప్పుడే తెల్లవారుతున్నట్టుంది, గొంతులో ఇంకా నిద్ర ఉంది. శాంపిళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. షారోన్ నా వైపు చూడకుండా చెప్పింది.

"పోయినయి సార్. కడిగేసిన. నేనే... అలవాట్ల కడిగేసిన."

స్పీకరు పెట్టకుండానే గది నిండా వినిపించింది. "నాలుగేండ్లు ఏం నేర్చుకున్నవమ్మా? ఫస్టియర్ పిల్లలు సుత గిట్ల చెయ్యరు! దిమాగ్ ఉండే చేసినవా?" షారోన్ "తప్పైంది సార్" అని నాలుగైదుసార్లు అంది.

నేను బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. బడిలో టీచర్లు పగలగొట్టిన సామాన్లకు "నా చేయి జారింది మేడమ్" అని ప్రిన్సిపాల్ ముందు నిలబడ్డ రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి ఎంత మింగుకోవాలో తెలుసు. నా కోసం ఎవరైనా అలా నిలబడటం మాత్రం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

మొహం కడుక్కుని బయటికొచ్చి, "మళ్లీ పోదాం పద" అన్నాను.

"మధ్యాహ్నం వానంట అత్తా. రేపు పొద్దున బండి తిరిగియ్యాలె."

"మధ్యాహ్నం ఇంకా కాలేదుగా. లే."

మళ్లీ సరస్సు: ఏడు సంచులు

గ్రాహం మొదట వద్దన్నాడు. పడమట నల్లటి మబ్బు కనిపిస్తూనే ఉంది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "మై మిస్టేక్. షీ గుడ్ గర్ల్. ప్లీజ్" అన్నాను. జాయ్ భర్త వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు భాష అక్కర్లేదు, మా మరదలు కూడా తమ్ముణ్ణి అలాగే చూస్తుంది. గ్రాహం టోపీ తీసుకున్నాడు. గట్టు మీద బండిలో ఉంటానని, తాను హారన్ కొట్టగానే ఉన్నపళంగా వచ్చేయాలని షరతు పెట్టాడు.

నిన్నటి గుంటల్లోకి అప్పుడే కింది నుంచి ఎర్రనీళ్లు ఊరి, పైన పలచగా ఉప్పు మీగడ కట్టింది. పక్కనే షారోన్ కొత్తవి తవ్వింది. ఆమె కోయడం, నేను పొర చుట్టడం, చీటీ రాయడం. చేతులకంటిన బురదను చీరకొంగుకైనా తుడవలేదు. నా జీవితంలో అంత మురికితో అంత భక్తిగా ఎప్పుడూ ఉండలేదు. ఆరు సంచులయ్యాయి. మొదటి చినుకు పడింది. ఏడోది మూతి బిగిస్తుండగా హారన్ మోగింది.

"ఇంకొక్కటి అత్తా! జెర ఆగు, ఇది మంచిగున్నది!"

మళ్లీ హారన్. చినుకులు పెద్దవయ్యాయి. "ఏడు చాలు, రావే" అంటూ వెనక్కి తిరిగి రెండడుగులు వేశానో లేదో, కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగిన కొద్దీ సరస్సు ఇంకా లాగింది. నేను చేసింది ఒక్కటే మంచి పని, ఏడు సంచులనూ తల మీదికి ఎత్తి పట్టుకున్నాను.

షారోన్ ఎనిమిదో గడ్డను వదిలేసింది. పార కూడా వదిలేసి పరిగెత్తుకొచ్చి, నా నడుం పట్టుకుని లాగింది. "సంచులు పో... పోనీ అత్తా, చేతులియ్యి!" అని అరిచింది. నేను ఇవ్వలేదు. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటూ, జారుతూ బయటపడ్డాం. నా కాలు వచ్చింది, బూటు రాలేదు. విదేశీ అధికారి మెచ్చుకున్న బూటు ఇప్పటికీ అక్కడే ఉంది, దాని చుట్టూ ఇనుము పట్టుకుంటుందేమో తెలియదు.

గ్రాహం ఇంటికెళ్లగానే జాయ్ నోరు తెరిచింది. ఆమె అడగడం పూర్తవకముందే "యెస్ టీ!" అన్నాను.

పెర్త్: గైడ్ సార్ గొంతు

గురువారం పెర్త్‌లో, గైడ్ సార్ ముందే మాట్లాడి పెట్టిన ల్యాబులో సంచులు విప్పారు. నన్ను కొళాయికి పది అడుగుల దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది షారోన్. మట్టిలోంచి నీళ్లు పిండి, చిన్న సీసాల్లో పోసి, ఒక యంత్రానికి ఇచ్చారు. ఉండకు ఆనుకుని ఉన్న నీళ్లు ఒకటి, కాస్త దూరపు నీళ్లు ఒకటి. మధ్యాహ్నం దాకా ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను మనసులో ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

అంకెలు రావడం మొదలుపెట్టాక ఆమె లేచి నిలబడింది. ఏడింట్లో ఐదింట్లో, ఉండ పక్క నీళ్లలో ఇనుము తక్కువ, దూరపు నీళ్లలో ఎక్కువ.

"అంటే?" అన్నాను.

"అంటే ఉండ నీళ్లలకెళ్లి ఇనుము గుంజుకుంటున్నది అత్తా. పెరుగుతున్నయి. మనం తవ్విన పొద్దు సుత పెరుగుతున్నయి." ఇంకా నెలల పని ఉందని, ఇది మొదటి చూపే అని వెంటనే సర్దుకుంది కానీ, కళ్లు మాత్రం ఆమె మాట వినలేదు. నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

గైడ్ సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన సంతోషం నాకు కుర్చీ దాకా వినిపించింది. ఆమె అంకెలు మళ్లీ చూడటానికి యంత్రం దగ్గరికి వెళ్లగానే, ఫోన్ నేను తీసుకున్నాను.

"సార్, నేను షారోన్ మేనత్తను. ఆ పొద్దు కడిగింది నేను. పిల్లకేం తెల్వదు, నిద్రపోతుండె. తిట్టేదుంటె నన్ను తిట్టున్రి."

అవతల నుంచి నవ్వు వినిపించింది.

"నాకు ఆ పొద్దే తెలుసమ్మా. నాలుగేండ్ల సంది చూస్తున్న, ఆ పిల్ల తాగిన టీ కప్పు ఒక్కనాడు కడగలే. పన్నెండు సంచులు కడిగిన అంటె నమ్ముతనా?"

"మరి గంతగనం ఎందుకు తిట్టిన్రు సార్?"

"అత్త కోసమని అంత కష్టపడి అబద్ధమాడె. నేను నమ్మకపోతె పిల్ల ఇజ్జత్ పోతది గద."

కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నా మొహం చూసి షారోన్ పరుగున వచ్చింది. "సార్ తిడుతుండా అత్తా నిన్ను?" అంటూ ఫోన్ లాక్కుంది.

"సార్, మా అత్త ఊకెనే తన మీదికి తీసుకుంటున్నది. ఆమెను ఏమనకున్రి. కడిగింది నేనే సార్, ఒట్టు."

అవతల గైడ్ సార్ గొంతు సవరించుకుని, ఆమెను మళ్లీ మొదటి నుంచి తిట్టడం షురూ చేశారు.